క్రానిక్ చాగస్‌లో గుండెను పాడుచేసేది పరాన్నజీవా, మన ఇమ్యూనిటీయా?

మీరు అడిగింది చాగస్ జబ్బు గురించి. అది పురుగు మోసే పరాన్నజీవి వల్ల వస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయే దశను క్రానిక్ అంటారు. ఒక చోట "క్రానిక్ చాగస్ రోగుల గుండెలో పరాన్నజీవులు దాదాపు కనిపించవు, దెబ్బ తీసేది రోగి ఇమ్యూనిటీయే" అని చదివారు. ఇంకో చోట చాగస్ ఉన్నవాళ్లకు ఇమ్యూనిటీని తగ్గించే మందులు ప్రమాదమని చదివారు. రెండూ ఎలా నిజమవుతాయి, స్టెరాయిడ్లు ఇస్తే గుండె బాగుపడాలి కదా అన్నది మీ సందేహం. మీతో చదువుకుంటున్న బొలీవియా అమ్మాయికి చాగస్ పాజిటివ్ వచ్చిందని, ఈసీజీ నార్మల్‌గా ఉందని, ఆమె మందు వేసుకోవాలా వద్దా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండూ నిజమే. గుండె కండరాన్ని ఎక్కువగా పాడుచేసేది ఇమ్యూనిటీ చేసే పోరాటమే. కానీ ఆ పోరాటం ఏళ్ల తరబడి ఆగకుండా సాగడానికి కారణం లోపల మిగిలిపోయిన పరాన్నజీవి. అందుకే స్టెరాయిడ్లు దారి కాదు. నేను బ్రెజిల్‌లో పదకొండేళ్లు పాథాలజిస్టుగా పనిచేశాను. గుండె బయాప్సీలు (పరీక్షకు తీసిన చిన్న ముక్కలు), మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన గుండెలు చూడటమే అందులో ఎక్కువ కాలం నా పని. చేరిన కొత్తలో మీ ప్రశ్నే నేనూ నా సీనియర్లను అడిగాను. కాస్త పొడుగైనా మొదటి నుంచీ చెప్తాను, ఎందుకంటే సగం తెలిస్తే ఈ జబ్బు విషయంలో తప్పు నిర్ణయాలు జరుగుతాయి.

జబ్బుకు కారణం ట్రిపనోసోమా క్రూజీ అనే ఏకకణ పరాన్నజీవి. 1909లో బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో, లసాన్స్ అనే ఊళ్లో, జ్వరంతో ఉన్న రెండేళ్ల పాప రక్తంలో దీన్ని కార్లోస్ చాగస్ గుర్తించారు. పరాన్నజీవికి తన గురువు ఒస్వాల్డో క్రూజ్ పేరు పెట్టారు. మట్టి గోడల పగుళ్లలో దాక్కుని రాత్రిపూట రక్తం తాగే, నల్లి వర్గానికి చెందిన పురుగు దీన్ని మోస్తుంది. బొలీవియా, అర్జెంటీనాల్లో ఆ పురుగును వించుకా అంటారు. బ్రెజిల్‌లో బార్బేరో అంటారు, అంటే మంగలి. నిద్రపోతున్నవాళ్ల ముఖం మీద కుడుతుంది కాబట్టి ఆ పేరు. నిజానికి కాటుతో జబ్బు రాదు. కుట్టాక పురుగు అక్కడే విసర్జించే మలంలో పరాన్నజీవి ఉంటుంది, గోక్కున్నప్పుడు అది గాయంలోకో కంట్లోకో చేరుతుంది. తల్లి నుంచి బిడ్డకు, రక్తం ఎక్కించినప్పుడు, అవయవ మార్పిడిలో, కలుషితమైన ఆహారం ద్వారా కూడా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 70 లక్షల మందికి పైగా ఈ ఇన్ఫెక్షన్‌తో బతుకుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది లాటిన్ అమెరికా వాళ్లే.

ఆ పాప సంగతి ఇక్కడే చెప్పాలి. దశాబ్దాల తర్వాత పరీక్ష చేసినప్పుడు కూడా ఆమె ఒంట్లో పరాన్నజీవి ఉంది. అయినా ఆమెకు చాగస్ గుండె జబ్బు రాలేదు, డెబ్బై ఏళ్లు దాటి బతికారు. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం మందికి గుండె దెబ్బతింటుంది. మిగతా చాలామందికి జీవితాంతం గుండెకు ఏమీ కాదు. ఒకే పరాన్నజీవి, ఇంత తేడా. మీరు అడిగిన ప్రశ్నకు జవాబులో చాలా భాగం ఈ తేడాలోనే ఉంది.

ఇన్ఫెక్షన్ మొదట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పరాన్నజీవి కణంలోకి దూరి, లోపలి సంచిలోంచి తప్పించుకుని కణద్రవంలోకి వస్తుంది. అక్కడ గుండ్రటి అమాస్టిగోట్ రూపంలోకి మారి, రెండు నాలుగుగా పెరుగుతూ పోతుంది. నాలుగైదు రోజులకు కణం పగిలి వందల కొద్దీ పరాన్నజీవులు బయటపడతాయి. గుండె కండరం దానికి బాగా నచ్చిన చోటు. అయితే కణద్రవంలో ఉండటమే దానికి ముప్పు కూడా తెస్తుంది. అక్కడి ప్రొటీన్ల ముక్కలను కణం తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది, వాటిని చూసి సీడీ8 టీ కణాలు అనే తెల్లరక్తకణాలు వచ్చి ఆ కణాన్ని చంపుతాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం మాక్రోఫేజ్‌లను (క్రిములను మింగే కణాలను) రెచ్చగొడితే అవి నైట్రిక్ ఆక్సైడ్‌తో పరాన్నజీవిని చంపుతాయి. యాంటీబాడీలు రక్తంలో తిరిగేవాటి పని చూస్తాయి. రెండు నెలలు తిరిగేసరికి రక్తంలో పరాన్నజీవులు మైక్రోస్కోప్‌కు అందనంతగా తగ్గిపోతాయి.

ఈ రక్షణ ఎంత ముఖ్యమో ఎలుకల ప్రయోగాలు తేల్చి చెప్పాయి. సీడీ8 కణాలు సరిగా తయారుకాని ఎలుకలకు ఇన్ఫెక్షన్ ఇస్తే చచ్చిపోతాయి. ఇంటర్‌ఫెరాన్ గామా లేని ఎలుకలదీ అదే గతి. కాబట్టి "ఇమ్యూనిటీయే శత్రువు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది లేకపోతే రోగి మొదటి నెలల్లోనే పోతాడు.

చిక్కేమిటంటే ఇమ్యూనిటీ పరాన్నజీవిని అణచగలదు గానీ తుడిచిపెట్టలేదు. పరాన్నజీవికి ట్రాన్స్‌సియలిడేజ్ కుటుంబానికి చెందిన ఉపరితల ప్రొటీన్ల జన్యువులు వెయ్యికి పైగా ఉన్నాయి. టీ కణాలు వాటిలో కొన్నిటి వెంటపడుతుంటే మిగతావాటి చాటున అది తప్పించుకుంటుంది. దానికితోడు కొన్ని అమాస్టిగోట్లు విభజన ఆపేసి కణంలో నిద్రాణంగా ఉండిపోతాయని 2018లో జార్జియా విశ్వవిద్యాలయంలో రిక్ టార్ల్‌టన్ బృందం చూపించింది. మందు వాడుతున్న రోజుల్లో కూడా అవి చావకుండా ఉండి, తర్వాత మళ్లీ విభజన మొదలుపెట్టాయి.

ఇక స్లైడు దగ్గరికి వద్దాం. క్రానిక్ చాగస్ గుండె ముక్కను మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూసినవాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. కండరపు పోగుల మధ్య లింఫోసైట్లు (ఇమ్యూనిటీకి చెందిన తెల్లరక్తకణాలు) గుంపులుగా ఉంటాయి, వాటిలో సీడీ8లు, సీడీ4లు అనే సహాయక టీ కణాలకు సుమారు రెట్టింపు. చచ్చిన కండరం స్థానంలో మచ్చ కణజాలం జాలీలా అల్లుకుని ఉంటుంది. పరాన్నజీవి మాత్రం కనబడదు. స్లైడు తర్వాత స్లైడు చూస్తూ పోతే ఎక్కడో ఒక అమాస్టిగోట్ల గూడు దొరుకుతుంది, చాలాసార్లు అదీ దొరకదు. నేను ఒక్కోసారి పూటంతా వెతికి, చివరికి "కనబడలేదు" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి.

1970లలో శాస్త్రవేత్తలూ ఇదే చూశారు. దొంగ లేడు, ఇల్లు మాత్రం ధ్వంసమైంది. అప్పుడు ఆటోఇమ్యూన్ సిద్ధాంతం బలపడింది. పరాన్నజీవి ప్రొటీన్లు కొన్ని గుండె ప్రొటీన్లను పోలి ఉంటాయి, వాటి మీద శిక్షణ పొందిన ఇమ్యూనిటీ పొరపాటున గుండె మీద పడుతుంది అని. దీనికి ఆధారాలు లేకపోలేదు. సావో పాలోలో ఎదేసియో కున్యా-నెటో బృందం పరాన్నజీవి బీ13 ప్రొటీన్‌కూ, గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్‌కూ రెండింటికీ స్పందించే టీ కణాలను రోగుల గుండె నుంచే వేరుచేసింది. గుండె వేగాన్ని పెంచే సంకేతాలను అందుకునే బీటా రిసెప్టర్లకు అతుక్కునే యాంటీబాడీలు కూడా రోగుల రక్తంలో దొరికాయి. అయితే అలాంటి యాంటీబాడీలు గుండె జబ్బు లేనివాళ్లలోనూ కనిపిస్తాయి. పైగా కండరం ఏ కారణంతో చితికినా మయోసిన్ బయటపడుతుంది, దాని మీద కొంత స్పందన పుడుతుంది. అది ఉన్నంత మాత్రాన జబ్బుకు అదే కారణమని చెప్పలేం.

ఈ వాదనను నా దృష్టిలో ఎక్కువగా కదిలించింది 1997లో టార్ల్‌టన్ బృందమే చేసిన ఒక ప్రయోగం. ఏళ్లు గడిచినా దాని మీద నాకున్న గౌరవం తగ్గలేదు. దీర్ఘకాలంగా ఇన్ఫెక్షన్ ఉన్న ఎలుకలకు, అదే జాతికి చెందిన అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండెను అమర్చారు. జన్యుపరంగా ఒకటే కాబట్టి మామూలు తిరస్కరణకు ఆస్కారం లేదు. ఇమ్యూనిటీ నిజంగా గుండె మీదే పగబట్టి ఉంటే ఆ కొత్త గుండె మీద కూడా పడాలి. పడలేదు, కొత్త గుండె కొట్టుకుంటూనే ఉంది. అదే గుండెలోకి నేరుగా పరాన్నజీవులను ఎక్కించినప్పుడు మాత్రం వాపు వచ్చి అది నాశనమైంది. అంటే ఇమ్యూనిటీ వెతుకుతున్నది పరాన్నజీవిని, గుండె ప్రొటీన్‌ను కాదు. ఇంచుమించు అదే కాలంలో, అతి కొద్ది డీఎన్‌ఏనూ పట్టుకోగల పీసీఆర్ పరీక్ష అందుబాటులోకి వచ్చింది. మైక్రోస్కోప్‌కు దొరకని పరాన్నజీవి డీఎన్‌ఏ రోగుల గుండెలోని వాపు ఉన్న చోట్లలో బయటపడింది. ఇంట్లో దొంగ ఉన్నాడు, మన లాంతరు వెలుగే చాలలేదు.

ఇప్పుడు స్టెరాయిడ్ల ప్రశ్న. దీనికి జవాబు ప్రయోగశాల కంటే ముందు ఆసుపత్రి వార్డుల్లోనే దొరికింది. చాగస్ ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ ముదిరితే పరాన్నజీవి మళ్లీ విజృంభించి మెదడు వాపు, గుండె కండరం వాపు వస్తాయి. గుండె మార్పిడి చేయించుకున్న చాగస్ రోగులకూ అంతే. కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఇమ్యూనిటీని అణిచే మందులు ఇవ్వక తప్పదు, ఆ అవకాశం చూసుకుని పాత ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. ఒక్కోసారి చర్మం మీద గడ్డలుగా బయటపడుతుంది, ఒక్కోసారి నేరుగా కొత్త గుండెలోనే.

నా ఉద్యోగంలో ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ సందర్భమే. మార్పిడి తర్వాత బయాప్సీలో లింఫోసైట్లు కనిపిస్తాయి. అది తిరస్కరణ కావచ్చు, చాగస్ తిరగబెట్టడం కావచ్చు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తిరస్కరణ అయితే ఇమ్యూనిటీని ఇంకా అణచాలి. చాగస్ అయితే అలా చేయడం నిప్పులో నెయ్యి పోసినట్టే, అప్పుడు ఇవ్వాల్సింది పరాన్నజీవి మందు. ఒకసారి ఒక మధ్యవయసు రైతు బయాప్సీని మేం తిరస్కరణ అని రాశాం. స్టెరాయిడ్ మోతాదు పెంచారు. పది రోజులకు ఆయన కాలి మీద ఎర్రటి గడ్డలు లేచాయి, ముక్క తీసి చూస్తే నిండా అమాస్టిగోట్లే. పాత బయాప్సీ ముక్కను దాచిన మైనపు బ్లాక్‌ను ఇంకా లోతుగా కోసి చూస్తే అందులోనూ ఒక చిన్న గూడు ఉంది. మేం చూసిన కోతల్లో అది పడలేదు. పరాన్నజీవిని చంపే బెంజ్‌నిడజోల్ మొదలుపెట్టాక ఆయన కోలుకున్నాడు. ఆ రోజు నుంచి చాగస్ రోగి బయాప్సీ వస్తే ఎక్కువ లోతుల్లో కోతలు తీయించి, పీసీఆర్‌కు కూడా పంపించకుండా రిపోర్టు ఇవ్వలేదు.

అందరికీ పరాన్నజీవి ఉన్నా కొందరి గుండే ఎందుకు పాడవుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఇక్కడ విషయం ఇమ్యూనిటీ బలంగా ఉందా బలహీనంగా ఉందా అన్నది కాదు, దాన్ని సమయానికి తగ్గించే యంత్రాంగం ఉందా లేదా అన్నది. లక్షణాలు లేని రోగుల్లో ఇంటర్‌ఫెరాన్ గామాతో పాటు, దాన్ని అదుపులో పెట్టే ఐఎల్-10 అనే సంకేతం కూడా బాగా ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఇంటర్‌ఫెరాన్ గామా, వాపును పెంచే టీఎన్‌ఎఫ్ ఎక్కువ, ఐఎల్-10 తక్కువ. ఎలుకల్లో ఇది మరీ స్పష్టం. ఐఎల్-10 లేని ఎలుకల్లో రక్తంలోని పరాన్నజీవుల సంఖ్య మామూలు వాటికంటే తక్కువే ఉంటుంది, అయినా అవే ముందు చచ్చిపోతాయి. పరాన్నజీవి వల్ల కాదు, అదుపు తప్పిన సొంత స్పందన వల్ల. ఈ ఒక్క ఫలితం గుర్తుంచుకుంటే మీరు చదివిన రెండు వాక్యాలూ ఎలా నిజమో అర్థమవుతుంది.

ఇంటర్‌ఫెరాన్ గామా గుండె కణం మీద నేరుగా కూడా పనిచేస్తుంది. దాని ఒత్తిడిలో కణంలోని మైటోకాండ్రియాలు సరిగా శక్తిని తయారుచేయలేవు. క్షణం విశ్రాంతి లేని కండరానికి అది పెద్ద దెబ్బ. ఒకే కుటుంబంలో ఇన్ఫెక్షన్ ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి గుండె పాడై ఇంకొకరికి పాడవకపోవడానికి మైటోకాండ్రియా జన్యువుల్లోని అరుదైన తేడాలు కొంత కారణమని ఈ మధ్య పరిశోధనలు చెప్తున్నాయి. ఇక టీజీఎఫ్ బీటా అనే సంకేతం మచ్చ కణజాలాన్ని పెంచుతుంది. మామూలుగా అది గాయం మాన్పే పదార్థం. కానీ గాయం రోజూ కొత్తగా అవుతుంటే మాన్పడం కూడా రోజూ జరుగుతుంది, చివరికి కండరం ఉండాల్సిన చోటంతా పీచే మిగులుతుంది.

వాపు సన్నటి రక్తనాళాలనూ వదలదు. పెద్ద కరోనరీ నాళాలు శుభ్రంగా ఉన్న రోగుల్లో కూడా కండరానికి రక్తం సరిగా అందని చోట్లు స్కాన్‌లో కనిపిస్తాయి. గుండెలోని నాడీ కణాలు తగ్గిపోతాయని 1950లలోనే బ్రెజిల్‌లోని రిబెయిరావ్ ప్రెటోలో ఫ్రిట్జ్ కోబర్లే ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూపించారు. దాని పాత్ర ఆయన అనుకున్నంత పెద్దది కాకపోవచ్చని నా అభిప్రాయం, కానీ ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఇవన్నీ కలిసి చాగస్ గుండెకు ఒక ప్రత్యేక రూపం ఇస్తాయి. విద్యుత్ సంకేతాలు వెళ్లే దారిలో మచ్చ పడితే ఈసీజీలో రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, దానితో పాటు లెఫ్ట్ యాంటీరియర్ ఫాసిక్యులర్ బ్లాక్ అనే విద్యుత్ అడ్డంకులు కనిపిస్తాయి. లాటిన్ అమెరికా డాక్టర్లు ఈ జంటను చూడగానే చాగస్ పరీక్ష రాస్తారు. ఎడమ జఠరిక కొస పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అందులో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. మచ్చల చుట్టూ విద్యుత్తు గుండ్రంగా తిరిగితే ప్రమాదకరమైన అరిథ్మియా (గుండె లయ తప్పడం), ఒక్కోసారి హఠాన్మరణం. కొందరికి గుండె పంపింగ్ తగ్గకముందే అరిథ్మియా వస్తుంది. ఆయాసం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు అనేది అందుకే.

పరాన్నజీవే మూలమైతే మందుతో దాన్ని చంపితే సరిపోవాలి కదా అని మీరు అడగొచ్చు. దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన అధ్యయనం బెనిఫిట్. 2015లో ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండె దెబ్బతిన్న 2,854 మందికి, అర్జెంటీనా, బొలీవియా, బ్రెజిల్, కొలంబియా, ఎల్ సాల్వడార్ దేశాల్లో, సగం మందికి బెంజ్‌నిడజోల్, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చారు. మందు పూర్తయ్యేసరికి పీసీఆర్ నెగెటివ్ అయినవాళ్లు మందు గుంపులో 66.2 శాతం, ఉత్తి మాత్ర గుంపులో 33.5 శాతం. పరాన్నజీవి బాగా తగ్గినట్టే. కానీ సగటున 5.4 ఏళ్ల తర్వాత మరణం, గుండె వైఫల్యం, పక్షవాతం లాంటి ఘటనలు చూస్తే మందు గుంపులో 27.5 శాతం, ఉత్తి మాత్ర గుంపులో 29.1 శాతం. గణాంకాల ప్రకారం తేడా లేదు.

అప్పుడు చాలామంది నిరాశపడ్డారు. ఆటోఇమ్యూన్ సిద్ధాంతమే నిజమన్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ స్లైడులు చూసినవాణ్ణి కాబట్టి నాకు అలా అనిపించలేదు. పీచుగా మారిన కండరం ఏ పరాన్నజీవి మందుతోనూ తిరిగి కండరం కాదు. పలచబడిన గోడ మళ్లీ మందమెక్కదు. మందు ఆలస్యంగా వెళ్లిందని ఆ ఫలితం చెప్తుంది తప్ప, మందు పనికిరాదని కాదు. బ్యూనస్ ఎయిరెస్‌లో రొడోల్ఫో వియోట్టి బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో గుండె వైఫల్యం లేని 566 మందిని ఏళ్ల తరబడి గమనించారు. మందు తీసుకున్నవాళ్లలో జబ్బు ముదిరింది 4 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 14 శాతం మందికి. అది లాటరీ పద్ధతిలో గుంపులు పంచిన అధ్యయనం కాదు కాబట్టి బెనిఫిట్ అంత బరువు దానికి ఇవ్వలేం, కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ముందే ఇవ్వడం మేలని నేను నమ్ముతాను.

ఇక మీ స్నేహితురాలి విషయం. నేను ఆమె డాక్టర్‌ను కాను, నిర్ణయం చాగస్ తెలిసిన డాక్టర్‌తో కూర్చుని తీసుకోవాలి. కానీ అడగాల్సినవి చెప్పగలను. మొదట, పాజిటివ్ అన్నది ఒక్క పరీక్షతోనా, రెండు వేర్వేరు పద్ధతుల యాంటీబాడీ పరీక్షలతోనా? రెండూ పాజిటివ్ అయితేనే నిర్ధారణ. ఈసీజీ నార్మల్, ఛాతీ ఎక్స్‌రే నార్మల్, లక్షణాలు లేవు అంటే ఇండిటర్మినేట్ దశ అంటారు. ఈ దశలో ఉన్నవాళ్లలో ఏటా సుమారు 2 శాతం మందికి గుండె జబ్బు మొదలవుతుంది. ఏడాదికోసారి ఈసీజీ మానకూడదు. ఒక ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ఇప్పుడే తీయించి దాచుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మందు బెంజ్‌నిడజోల్, మామూలుగా 60 రోజులు. దద్దుర్లు, వికారం, కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు రావచ్చు. పెద్దవాళ్లలో కొందరు మధ్యలో ఆపేయాల్సి వస్తుంది, అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. గర్భవతిగా ఉన్నప్పుడు వాడకూడదు. కోర్సు పూర్తయ్యాక యాంటీబాడీ పరీక్ష ఏళ్ల పాటు పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి మందు పనిచేయలేదని కంగారుపడక్కర్లేదు. పీసీఆర్ నెగెటివ్ వచ్చినా పూర్తిగా పోయిందని కూడా అనుకోకూడదు, నిద్రాణంగా ఉన్నవి రక్తంలో కనబడవు కదా.

ఆమెది పిల్లలు కనే వయసు కాబట్టి డాక్టర్లు మందు వైపే మొగ్గుతారని నా అంచనా. గర్భానికి ముందే చికిత్స పూర్తిచేస్తే బిడ్డకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇప్పటికే పిల్లలుంటే వాళ్లకూ, ఆమె తల్లికీ, తోబుట్టువులకూ పరీక్ష చేయించమనండి. పుట్టిన మొదటి ఏడాదిలో చికిత్స చేస్తే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు పూర్తిగా బాగుపడతారు. ఇంకొక్క మాట, ఆమె ఎప్పుడైనా ఆస్తమాకో, కీళ్ల జబ్బుకో, మరి దేనికైనా స్టెరాయిడ్లు గానీ ఇమ్యూనిటీని తగ్గించే మందులు గానీ వాడాల్సి వస్తే, రాసే డాక్టర్‌కు చాగస్ పాజిటివ్ అని ముందే చెప్పాలి. చాగస్ లేని దేశాల్లో డాక్టర్లు తమంతట తాము అడగరు.